నాన్న వేసిన రోడ్డు

జూన్ మొదటి వారంలో హాలెట్ ఊరి బడిలో, పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడే హాల్లో మీటింగ్ పెట్టారు. వాషింగ్టన్ చట్టసభలో అప్పుడొక బిల్లు నడుస్తోంది. మా వయోమింగ్ కొండల్లో ప్రభుత్వ అటవీ భూములు కొన్నిటి చుట్టూ గీత గీసి, ఆ గీత లోపల రోడ్డు వెయ్యకూడదు, మోటారు తిరగకూడదు, చెట్టు కొట్టి అమ్మకూడదు అని చట్టం చెయ్యాలని. గీత ఎక్కడ పడాలో ఊరివాళ్ళ మాట వినడానికి ఆ మీటింగ్. మనిషికి మూడు నిమిషాలు.

నా భార్య నోరీన్ సోరెల్ వాగు ఎగువ గురించి మాట్లాడింది. శరదృతువులో వేటకొచ్చేవాళ్ళని కంచరగాడిదల మీద ఎక్కించుకుపోయి మేం డేరాలు వేసుకునేది అక్కడే. కాగితం చూడకుండా బాగానే చెప్పింది. పక్క లోయలో చెట్లు కొట్టాక వాగు మూడేళ్ళు ఎర్రగా పారిందని, చేపలు పోయాయని చెప్పింది. చివర్లో ఒక మాట అంది. "మనిషి చెయ్యి పడని చోటు మనకి ఆ సోరెల్ ఎగువ ఒక్కటే మిగిలింది. దాన్ని గీత లోపల పెట్టండి."

నా పక్కన కూర్చున్న నాన్న లేచాడు. పేరు ఇవ్వలేదు, వంతు రాలేదు. కలప కోసే మిల్లులో ముప్పై ఏళ్ళు బుల్డోజర్ నడిపినవాడు, ఆ ఊళ్ళో ఆయన లేస్తే ఎవరూ కూర్చోమనరు.

"చెయ్యి పడిందమ్మాయ్. ఆ చెయ్యి నాదే," అన్నాడు.

హాలంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. అరవై ఒకటో సంవత్సరం కార్చిచ్చులో పదకొండు రోజులు బుల్డోజర్ దిగకుండా లోయ మొదలు నుంచి ఎగువ పచ్చిక దాకా ఆరు మైళ్ళ రోడ్డు తీశానని, ఆ రోడ్డు మీదే నీళ్ళ ట్యాంకర్లు ఎక్కాయని, మంట పచ్చిక అంచున ఆగిందని చెప్పాడు. అడవి శాఖ పాత మ్యాపులో ఇప్పటికీ చుక్కల గీతగా ఉంటుందన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళుగా ఇంట్లో వింటున్న కథే.

వెనక వరసలో మిల్లువాళ్ళు చప్పట్లు కొట్టారు. నాన్న సంతోషంగా అటు తిరిగాడు. వాళ్ళు ఎందుకు కొడుతున్నారో ఆయనకి అప్పటికింకా తట్టలేదు. మిల్లు మేనేజరు లేచి, "రోడ్డున్న చోటు గీత లోపల పెట్టడానికి చట్టం ఒప్పుకోదు, లైల్ ప్రూయిట్ చెప్పింది రాసుకోండి" అని నాన్న పేరెత్తి చెప్పాక, ఆయన చేతిలో టోపీ తిరగడం ఆగింది.

మా దగ్గర మగవాళ్ళు చేసే తప్పు అదే. ఫలానా చోట మనిషి చెయ్యి పడలేదని ఎవరైనా అంటే ఊరుకోలేరు. నా చెయ్యి పడిందని లేచి నిలబడతారు.

ఇంటికి పదకొండు మైళ్ళు. ట్రక్కులో ముందు సీటే. నేను నడుపుతున్నాను, మధ్యలో నోరీన్, అటు అద్దం పక్కన నాన్న. మా కంచె కనబడింది. అప్పుడు నోరీన్ అడిగింది.

"మామయ్యా, ఆ రోడ్డు మీద మీరు ఆఖరుసారి ఎప్పుడెళ్ళారు?"

"రోడ్డుని పలకరించడానికి పోవాలా ఏమిటి? ఎక్కడ వేశానో అక్కడే ఉంటుంది," అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున వంటింట్లో పిండి జాడీ లేదు.

అది మా నాయనమ్మ నెబ్రాస్కా నుంచి బండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పులిసిన పిండి. రోజూ కొంచెం వాడి, కొంచెం మిగిల్చి, దానికి మళ్ళీ పిండీ నీళ్ళూ పోసి, ఇన్నేళ్ళుగా బతికించుకుంటూ వచ్చారు. అమ్మ పోయాక నాన్న కొట్టం వెనక చక్రాల మీద నిలిపిన ట్రైలర్ ఇంట్లోకి మారాడు గానీ, పొద్దున్నే మా వంటింటికొచ్చి ఆ పిండితో అట్లు వెయ్యడం మానలేదు. ఆ పొద్దున ఆయన రాలేదు, జాడీ ట్రైలర్‌కి పట్టుకుపోయాడు. అది ఉండే చోట అరమీద గుండ్రటి మరక మిగిలింది. నోరీన్ దాన్ని తుడవలేదు. దాని మీద ఇంకేమీ పెట్టలేదు కూడా.

"కోపం నా మీదైతే నాతో చెప్పొచ్చుగా, పిండేం చేసింది?" అంది.

ఆయనకి కోపం ఎవరి మీదో ఆయనకే తెలియదని నాకనిపించింది.

నోరీన్ మా గేటు పక్కన అక్షరాలు రాసిన చెక్క పలక కొట్టింది, సోరెల్ ఎగువ గీత లోపలే ఉండాలని. వారం తిరక్కముందే రోడ్డుకి అవతల మిల్లువాళ్ళు ఇంకా పెద్ద పలక కొట్టారు, సోరెల్‌కి రోడ్డుంది, రోడ్డు వేసినవాడూ ఉన్నాడని. ట్రైలర్ కిటికీలోంచి చూస్తే రెండూ కనబడతాయి. నాన్న ఆ కిటికీకి గుడ్డ కట్టాడు.

గడ్డికోత రోజుల్లో నేనూ ఆయనా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కలిసే పనిచేశాం. యంత్రం గురించి మాట్లాడుకున్నాం, వాన గురించి మాట్లాడుకున్నాం. పన్నెండు కొట్టగానే ఆయన ట్రైలర్ వైపు, నేను ఇంటివైపు. ఊళ్ళో మాత్రం ఆయన తీరు వేరు. ఒకరోజు కేఫ్‌లో నేను మేకుల పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉండగా విన్నాను. ఎమెట్ అని, నాన్నతో మిల్లులో పనిచేసినవాడు, అందరికీ వినబడేలా అడిగాడు.

"ఏం లైల్, మీ కోడలు చెట్లకి పేర్లు పెడుతోందట. నామకరణానికి మమ్మల్ని పిలుస్తుందా?"

"పిలుస్తుంది. మీ రంపాలు బయట వదిలి రావాలి," అన్నాడు నాన్న, కాఫీ మీంచి తల ఎత్తకుండా.

ఇంటికొచ్చి నోరీన్‌కి చెప్పాను. ఆమె చాలాసేపు ట్రైలర్ వైపు చూసింది.

జులై ఆఖర్లో వాషింగ్టన్ నుంచి ఉత్తరం వచ్చింది. గీత గీసే కమిటీలో పనిచేసే ఒకామె సోరెల్ ఎగువ స్వయంగా చూస్తుందని, నా కంచరగాడిదలు కావాలని. ఆ రోడ్డు ఉందా లేదా తేల్చేది ఆమె రాసే కాగితమే. ఉందంటే ఎగువ మొత్తం గీత బయటికి పోతుంది. వచ్చే ఏడాది చెట్లకి కోతగుర్తుగా నీలం రంగు చుక్కలు పడతాయి, ఆ పై ఏడు కోత. ఉత్తరం చివర ఇంకో మాట ఉంది, రోడ్డు వేసినాయన కూడా వస్తే మంచిదని.

నాన్నకి చదివి వినిపించాను. తుంటి ఎముక విరిగి అతికాక ఆయన గుర్రం ఎక్కి ఎనిమిదేళ్ళయింది.

"ఎన్నింటికి బయల్దేరాలి?" అన్నాడు అంతే.

ఆమె పేరు కోరా. ముప్పై అయిదు దాటి ఉంటాయి. నేను మొదట ఆమె బూట్లు చూశాను. పాతవి, కొవ్వు పట్టించి మెత్తగా ఉన్నాయి. గుర్రం ఎక్కేముందు తనే వంగి జీను పట్టీ బిగువు చూసుకుంది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నాన్న గడ్డం గీసుకుని, మిల్లు టోపీ పెట్టుకుని వచ్చాడు. నోరీన్ రొట్టెల మూట నా చేతికిచ్చి, నాన్న చేతికి విడిగా ఒక సీసా మందు ఇచ్చింది, తుంటికి రాసుకోమని. తీసుకున్నాడు.

వాగు దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపు నాన్న రోడ్డు. ఎడమవైపు గట్టు మీదుగా నేను ఏటా వేటవాళ్ళని తీసుకెళ్ళే కాలిబాట. రెండూ ఎగువ పచ్చికకే పోతాయి. ఈ మధ్య నేను ఆ రోడ్డు మొదలు మాత్రమే చూశాను. మొదటి రెండు మైళ్ళూ ట్రక్కు పోయేలా ఉంటుంది, వాటి చివర్లో నాన్న వేసిన దుంగల వంతెన చెక్కు చెదరలేదు. పైన ఎలా ఉందో నేనూ చూసి పన్నెండేళ్ళు దాటింది.

ఎడమకి తిప్పాను.

నీడ ఉంటుందని, రోడ్డు దిగేటప్పుడు చూద్దామని కోరాతో అన్నాను. దిగేటప్పుడు కూడా అటు పోయే ఉద్దేశం నాకు లేదు. మబ్బు పట్టిందనో, గాడిద కుంటుతోందనో ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. వెనక ఆఖరి గాడిదని పట్టుకుని వస్తున్న నాన్న చీలిక దగ్గర ఆగాడు. నేను తిరిగి చూడలేదు గానీ డెక్కల చప్పుడు ఆగడం విన్నాను. తర్వాత మళ్ళీ మొదలైంది, మా వెనకే.

ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. కోరాతో మాట్లాడాడు. ఏ బండ పక్కన ఎల్క్ దుప్పులు ఈనుతాయో, ఏ మడుగులో చేప పడుతుందో చూపించాడు. వాషింగ్టన్లో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయా అని అడిగాడు. గోడకి గోడ ఆనుకుని ఉంటాయని ఆమె చెబితే, "అయితే కాగితం మీద గీతలు గియ్యడం మీకు బాగా అలవాటే" అన్నాడు. ఆమె నవ్వింది. పచ్చిక చేరేసరికి పొద్దు వాలింది. నాన్న గుర్రం దిగడానికి చాలాసేపు పట్టింది. సాయం పట్టబోతే చెయ్యి విదిలించాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన నిప్పు రాజేసి కాఫీ కాచేశాడు. గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. కోరా వాగు దగ్గర మొహం కడుక్కుంటోంది. నాకు కప్పు అందిస్తూ నెమ్మదిగా అన్నాడు.

"నీ దారి బాగుందిరా. నీడ బాగుంది."

నేను కప్పులోకి చూశాను.

"ఆమె వచ్చింది రోడ్డు చూడ్డానికి. నువ్వు తప్పించి తెచ్చావు. నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"చూస్తే సోరెల్ పోతుంది నాన్నా."

"పోతే పోతుంది. నా రోడ్డుని దాచిపెట్టి గీత గీయించుకుంటే, ఆ గీత లోపలికి మేబెల్ కూడా సిగ్గుపడి అడుగెయ్యదు."

మేబెల్ అంటే ఆయన పట్టుకొచ్చిన గాడిద. మా కొట్టంలో అందరికంటే పెద్దది, అందరికంటే తెలివైనది.

కోరా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. చెప్పాను. నిన్న కావాలనే ఎడమకి తిప్పానని, దిగేటప్పుడూ తప్పిద్దామనుకున్నానని చెప్పాను. ఆమె రాసుకునే పుస్తకం తియ్యలేదు.

"ఇప్పుడెందుకు చెప్పారు?" అంది.

"మా నాన్న చెప్పమన్నాడు."

నాకు నలభై ఒకటి నిండాయి అప్పటికి. ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. నాన్న వైపు తిరిగి, "అయితే కిందికి మీ దారినే పోదాం" అంది.

రోడ్డు పై చివర పచ్చిక అంచున ఉంది. నాన్న తడుముకోకుండా అక్కడికి తీసుకెళ్ళాడు. బుల్డోజర్‌ని వెనక్కి తిప్పిన చోటు చూపించాడు. మంచం అంత బండ, దాని పక్క మీద బ్లేడు గీసుకుపోయిన పొడుగాటి గాటు, తుప్పు రంగులో. నాన్న బొటనవేలు దానిమీద పెట్టి ఇటు నుంచి అటు జరిపాడు. ఆయన వయసు ఇరవై ఏళ్ళు తగ్గినట్టయింది. "ఇక్కడ తిన్నగా కిందికి, పన్నెండడుగుల వెడల్పు, రండి" అని గుర్రాన్ని ముందుకి తోలాడు.

ముందు అడవి గోడలా ఉంది.

అన్నీ కుర్ర పైన్ చెట్లు. మణికట్టంత కొన్ని, ముంజేయంత కొన్ని, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. అలాంటి చోటుని మావాళ్ళు కుక్కబొచ్చు అంటారు. నాన్న కొంచెం ఎడమకి పోయి చూశాడు, కొంచెం కుడికి పోయి చూశాడు. దారి ఇదేనని గొణుక్కున్నాడు. చివరికి తల వంచుకుని, కొమ్మలు మొహాన కొడుతుంటే లోపలికి దూరాడు. వెనక మేబెల్, దాని వెనక కోరా, ఆఖర్న నేను.

వంద గజాలు పోయామో లేదో మేబెల్ ఆగిపోయింది. దాని రెండు పక్కలా ఉన్న సామాను పెట్టెలు చెరో చెట్టుకీ బిగుసుకున్నాయి. గుర్రమైతే బెదిరి గింజుకుని కాళ్ళు విరగ్గొట్టుకునేది. కంచరగాడిద కనక నిలబడింది. ఒక చెవి ముందుకీ ఒక చెవి వెనక్కీ పెట్టి, ఈ పని మొదలెట్టిందెవరో వాళ్ళే చూసుకుంటారన్నట్టు కళ్ళు సగం మూసింది.

నాన్న దిగాడు. తాళ్ళు విప్పి, పెట్టె దింపడానికి చోటు లేక దాన్ని గాడిద వీపు మీదుగా నాకు అందించాడు. రెండో పెట్టె కూడా అయ్యాక చెట్టుకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు మొదటిసారి అటూ ఇటూ చూడడం గమనించాను. అటువైపు మంటకి కాలి బతికిన పెద్ద చెట్లు, దూరం దూరంగా. ఇటువైపూ అవే. మధ్యలో పన్నెండడుగుల వెడల్పున, కొలిచి గీసినట్టు తిన్నగా కిందికి, ఈ కుర్ర చెట్లు. రోడ్డు కనబడుతూనే ఉంది. చెట్లతోనే ఉంది.

నాన్న జీను సంచిలోంచి చిన్న రంపం తీసి, నిలువునా ఎండిపోయిన ఒక చెట్టుని మొదట్లో కోశాడు. మొద్దు మీద వేలు తడిపి రాసి, కత్తి మొనతో వలయాలు లెక్క పెట్టడం మొదలెట్టాడు. ఒకసారి తప్పాడు. మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు.

"ఇరవై రెండు," అన్నాడు.

మంట వచ్చింది ఇరవై మూడేళ్ళ కింద. కోరా ఏదో అడగబోయింది. నేను తల అడ్డంగా ఊపాను. నాన్న ఆ చిన్న మొద్దు పక్కనే నేలమీద కూర్చున్నాడు, తుంటి నొప్పికి ఒక కాలు చాపుకుని. పిడికెడు మట్టి తీసి చూశాడు.

"పైన్ గింజ ఆకుల మీద పడితే మొలవదమ్మా," అన్నాడు, కోరాతో. "దానికి ఉత్త మట్టి కావాలి. ఎండ తగలాలి. ఇక్కడ పైపొర మొత్తం నేనే గీకేశాను. ఆరు మైళ్ళు." కొంచెం ఆగి, "దున్ని పెట్టానన్నమాట," అన్నాడు.

ఆయన నవ్వుతున్నాడో ఏమిటో నాకు తెలియలేదు. టోపీ కిందికి లాక్కున్నాడు.

కాసేపటికి కోరా పుస్తకం తీసింది. ఏం రాయమంటారని అడిగింది.

"నన్నడిగి రాయడమేమిటి? నీ దగ్గర టేపు ఉంది కదా, తియ్యి. కొలువు."

ఇద్దరూ కొలిచారు. చెట్టుకీ చెట్టుకీ మధ్య రెండడుగులు, అడుగున్నర, కొన్నిచోట్ల జానెడు. నాన్న ఒక చివర పట్టుకుని అంకెలు చదివాడు, ఆమె రాసుకుంది. అయ్యాక ఆయనే చెప్పాడు.

"ఇప్పుడు రాయి. ఇక్కడ లైల్ ప్రూయిట్ రోడ్డు వేశాడు. అది నిజం. ఇప్పుడు దీంట్లో కంచరగాడిద పట్టదు. అదీ నిజం. కింద రెండు మైళ్ళు ఇంకా రోడ్డే, వంతెన గట్టిగా ఉంది, ట్రక్కు పోతుంది. అది కూడా రాయాలి. రాస్తావుగా?"

రాస్తానంది. కింద సంతకం పెట్టమంటే అక్కడే, మేబెల్ వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

నాలుగు మైళ్ళు దిగడానికి ఆ రోజంతా పట్టింది. గాడిదలకి పెట్టెలు తీసి, సామాను మూటలు కట్టి మోసుకుంటూ, మళ్ళీ వెనక్కి పోయి తెచ్చుకుంటూ దిగాం. కోరా ఒక మూట మోసింది. మొహమంతా గీరుకుపోయింది, జుట్టు నిండా పైన్ సూదులు. రోడ్డు బాగుందని నాన్నతో అంది. ఇంకొంచెం వెడల్పుగా తీసి ఉండాల్సిందని నాన్న ఒప్పుకున్నాడు. దుంగల వంతెన మీదికి వచ్చాక ఆయన మూడుసార్లు కాలితో తన్ని చూపించాడు. ఊగలేదు.

గేటు దగ్గర నోరీన్ నిలబడి ఉంది. ఎదురొచ్చి నాన్న గుర్రం కళ్ళెం పట్టుకుంది. నాన్న దిగి, కాళ్ళు నిలదొక్కుకున్నాక అన్నాడు.

"నువ్వు మీటింగులో అన్నది తప్పేనమ్మాయ్. చెయ్యి పడింది."

"సరే మామయ్యా."

"ఆ చెయ్యి తీసేశాం. అంతే."

ట్రైలర్ వైపు నడిచాడు. నోరీన్ నా వైపు చూసింది. గాడిదలకి నీళ్ళు పెడుతూ మొత్తం చెప్పాను, నేను ఎడమకి తిప్పిన దగ్గర్నుంచి. ఆ భాగం దగ్గర ఆమె బకెట్ కింద పెట్టి నన్ను కాసేపు చూసింది. తను కూడా అదే చేసి ఉండేదేమోనంది. అది తనకి నచ్చలేదని కూడా అంది.

మర్నాటి నుంచి నాన్న కాఫీకి మా వంటింటికి రావడం మొదలెట్టాడు. జాడీ మాత్రం తేలేదు. అరమీద మరక వైపు చూసేవాడు కాదు. కొట్లో కొన్న రొట్టె కాల్చి పెడితే తినేవాడు, బాగుందనేవాడు. బాగుండదని ముగ్గురికీ తెలుసు.

ఆయన సంతకం సంగతి సెప్టెంబర్‌లో ఊరికి తెలిసింది. కేఫ్‌లో ఎమెట్ తన కప్పు తీసుకుని వేరే బల్లకి మారాడు. వాళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర ఇరవై ఆరేళ్ళు కూర్చున్నారు. మిల్లు మేనేజరు నాన్న పక్కనుంచి పోతూ, ముసలితనంలో చూపు మందగించిందా, వేసిన రోడ్డే కనబడలేదా అన్నాడు. నాన్న వెన్ను నిటారుగా పెట్టి కాఫీ పూర్తిగా తాగి వచ్చాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, అదే బల్ల, ఒక్కడే. వెళ్ళడమెందుకని నేనంటే, కాఫీ బాగుంటుందన్నాడు. మూడో వారంలో ఎమెట్ తిరిగొచ్చి ఎదురుగా కూర్చున్నాడట. అతని మోకాలి నొప్పి కథ వినేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదని నాన్న చెప్పాడు.

అక్టోబర్ ఆఖర్లో రేడియోలో చెప్పారు, బిల్లు చట్టమైందని. అందులో సోరెల్ పేరు చదవలేదు. మేం ఇంకో వారం ఆగాల్సి వచ్చింది. కోరా దగ్గర్నుంచి పొడుగాటి గొట్టం వచ్చింది, లోపల కొత్త మ్యాపు. నోరీన్ బల్లమీద పరిచి నాలుగు మూలలా నాలుగు కప్పులు పెట్టింది. ఆకుపచ్చ గీత గట్టు మీదుగా వచ్చి, వాగు దాటి, పచ్చికనీ బండనీ కుక్కబొచ్చునీ చుట్టుకుని, దుంగల వంతెనకి కొంచెం ఎగువన మళ్ళీ మీదికి పోయింది. కింద రెండు మైళ్ళు గీత బయట. అక్కడ కోత జరుగుతుంది, మిల్లుకి ఆ మేరకు పని ఉంటుంది. నోరీన్‌కి ఆ ముక్క కూడా గీత లోపలే కావాలని ఉంది. కాసేపు ఆ రెండు మైళ్ళ మీద వేలు పెట్టుకుని కూర్చుంది.

నాన్న భూతద్దం తెచ్చుకున్నాడు. గీత బయట మిగిలిన రోడ్డు పక్కన సన్నటి అక్షరాలతో ప్రూయిట్ రోడ్డు అని ఉంది. రెండుసార్లు చదివాడు. అద్దం చొక్కా జేబులో పెట్టుకుని, కోరాకి జవాబు రాసేటప్పుడు వంతెన ఇంకా ఊగడం లేదని రాయమన్నాడు.

నవంబర్ మొదట్లో, వేటవాళ్ళని దింపుకురావడానికి నేను ఎగువకి పోవలసిన రోజున, రాత్రి గాలికి గట్టు బాట మీద చచ్చిన స్ప్రూస్ చెట్టొకటి అడ్డంగా పడింది. గీత లోపల. అడ్డం రెండడుగులు ఉంటుంది, గాడిదలు దాటలేవు. ఇంటికొచ్చి కొట్టంలో మోటారు రంపం ముందు నిలబడ్డాను. పెట్రోలు నిండుగా ఉంది. దాన్ని లోపలికి తీసుకుపోకూడదని చట్టం. నేను అడిగిన చట్టమే. నిమిషంలో కోసెయ్యొచ్చు, ఎవరూ వినరు.

నాన్న ఎప్పుడొచ్చాడో, వెనక నుంచి పోయి గోడ మీది పొడుగాటి రంపం దించాడు. రెండు చివరలా రెండు చెక్క పిడులు, ఆరడుగుల బ్లేడు. నేను పుట్టినప్పట్నుంచీ అది గోడకే ఉంది. పళ్ళు మెరుస్తున్నాయి. ఎప్పుడు అరగదీశాడో నాకు తెలియదు. ఒక పూటలో అయ్యే పని కాదది.

ఇద్దరం పోయాం. మంచు సన్నగా పడుతోంది. దుంగకి అటు నేను, ఇటు ఆయన. మొదలెట్టాం. నాలుగు లాగులకే రంపం వంకర తిరిగి బిగుసుకుంది. బయటికి తీసి మళ్ళీ పెట్టాం. మళ్ళీ బిగుసుకుంది.

"తోస్తున్నావురా," అన్నాడు.

"నువ్వు లాగడానికి సాయం చేస్తున్నా."

"చెయ్యకు. నీ వంతొస్తే లాగు. నా వంతొస్తే వదిలెయ్. పిడి మీద చెయ్యి ఉంచు, బలం తీసెయ్. తోస్తే ఇద్దరికీ సాగదు."

వదిలేశాను. వదలడం లాగడం కంటే కష్టంగా ఉంది మొదట్లో. తర్వాత రంపం మాట్లాడడం మొదలెట్టింది, అటు పోయేటప్పుడొకలా, ఇటు వచ్చేటప్పుడొకలా. పొడుగాటి పేలికల్లా పొట్టు మంచు మీద పడింది. నాన్న మొహం ఎర్రబడింది, ముక్కు చివర నీటిబొట్టు. ఆగుదామా అని అడిగాను. వద్దని తల ఊపాడు.

సగం దాకా దిగాక, లాగడం ఆపకుండానే అన్నాడు.

"నోరీన్ ఎన్నింటికి పడుకుంటుంది?"

"తొమ్మిదిన్నరకి. ఎందుకు?"

"పిండి సాయంత్రమే కలిపి పెడితే గానీ పొద్దుటికి పొంగదు. జాడీ తీసుకురావాలి." రంపం ఆయన వైపు పోయింది, నా వైపు వచ్చింది. "లాగు. చీకటి పడుతోంది."

లాగాను.